విజువల్ స్టూడియో 2012: మెనూలన్నీ పెద్దక్షరాల్లో ఎందుకు?

రాత్రిషిఫ్ట్ (2012 జూన్ 4): ప్రోగ్రాములు రాసుకోడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే విజువల్ స్టూడియోకి మే 31న వచ్చిన కొత్త రిలీజ్ క్యాండిడేట్ (తుది విడుదలకు ముందు కూర్పు) వేసి చూశాను. ఫిబ్రవరి చివర్లో వచ్చిన బీటాలో ఐకాన్లన్నీ బూడిద రంగైపోయాయని జనం గొడవ చేస్తే, ఇప్పుడు అక్కడక్కడ కాస్త రంగు పూశారు. సంతోషం. కానీ ఈలోగా ఫైల్, ఎడిట్, వ్యూ అన్నిటినీ క్యాపిటల్ లెటర్స్‌లోకి మార్చేశారు! చిన్నక్షరాల్లో ఉంటే పదానికో ఆకారం ఉంటుంది, చూపు టక్కున పట్టుకుంటుంది. ఇప్పుడన్నీ ఒకే ఎత్తు. తెలుగులో ఈ పెద్దా చిన్నా గొడవే లేదు, హాయి. మీకెలా ఉంది?

సెమికోలన్: మెనూ చూసేదెవరండీ? కంట్రోల్, క్యూ కలిపి నొక్కితే క్విక్ లాంచ్‌లోకి వెళ్తారు, కమాండ్ పేరు కొడితే చాలు. ప్రాజెక్టు ఫైళ్లన్నీ చూపించే సొల్యూషన్ ఎక్స్‌ప్లోరర్‌లోనే సెర్చ్ పెట్టారు. ఫైలు మీద ఒక్క క్లిక్ చేస్తే ప్రివ్యూ ట్యాబ్‌లో కనిపిస్తుంది, ట్యాబుల జాతర తగ్గింది. వీటన్నిటికన్నా నాకు నచ్చింది, పాత విజువల్ స్టూడియో 2010 సర్వీస్ ప్యాక్ 1లో చేసిన ప్రాజెక్టుల్ని చాలావరకు ఇందులో తెరిచి, మళ్లీ అందులోనూ తెరుచుకోవచ్చు. టీమంతా ఒకే రోజు మారక్కర్లేదు. ఇంత ఇచ్చాక అక్షరాల మీద పంచాయితీ ఏంటి?

అమీర్‌పేట మాస్టారు: కమాండ్ పేరు కొట్టాలంటే ముందు ఆ పేరు తెలియాలి కదా బాబూ. నిన్నగాక మొన్న చేరిన పిల్లాడికి "ఆ పసుపు ఫోల్డర్ నొక్కు" అంటేనే అర్థమవుతుంది. సరే, రంగుల సంగతి పక్కన పెట్టండి. ఇది ఎక్స్‌పీ మీద ఎక్కదు, కనీసం విండోస్ 7 ఉండాలి. పైగా ఈసారి ఉచితంగా ఇచ్చే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ విండోస్ 8 మెట్రో యాప్‌లకూ వెబ్‌కూ మాత్రమేనట. నల్లటి కన్సోల్ తెర మీద నాలుగు లైన్ల సీ షార్ప్ ప్రోగ్రాం నేర్చుకోవాలంటే 2010 ఎక్స్‌ప్రెస్సే గతి. డబ్బు పెట్టి కొనలేని పిల్లలు మొదలుపెట్టేదే అక్కడ. దీని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

సెమికోలన్: ఎక్స్‌ప్రెస్ విషయంలో మీ మాటే నా మాట, మాస్టారూ. అది తప్పే. ఎక్స్‌పీ మాత్రం 2001 నాటిది, ఇంకెన్నాళ్లు మోస్తారు?

అమీర్‌పేట మాస్టారు: ఆ ప్రశ్న ల్యాబ్ ఓనర్లను అడగాలి. మిషన్లన్నీ మార్చే ఖర్చు నా చేతుల్లో లేదు.

రాత్రిషిఫ్ట్: మెనూలకు మందు దొరికింది. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో కరెంట్ యూజర్ కింద విజువల్ స్టూడియో 11.0 తెరిచి, జనరల్‌లో "సప్రెస్ అప్పర్‌కేస్ కన్వర్షన్" అని ఖాళీల్లేకుండా ఒక డీవర్డ్ (అంకె పెట్టే సెట్టింగు) చేర్చి, విలువ 1 ఇవ్వండి. మూసి తెరిస్తే పాత మెనూ వచ్చేస్తుంది. అంటే లోపల మామూలు అక్షరాలే ఉన్నాయి, చూపించేటప్పుడు పెద్దవి చేస్తున్నారన్నమాట. ఆప్షన్స్‌లో ఒక టిక్ బాక్స్ పెట్టడానికి ఏం రోగం?

సెమికోలన్: పనిచేసింది. అంటే... ఊరికే, పనిచేస్తుందో లేదో చూద్దామని పెట్టానంతే.

అమీర్‌పేట మాస్టారు: మరి తీసేశావా?

సెమికోలన్: రేపు తీస్తా మాస్టారూ.