హెచ్‌మెయిల్‌సర్వర్ అభివృద్ధి ఆగింది, కింద విండోస్ పాతబడింది. ఉండాలా, కదలాలా?

ప్రశ్న

ఒక చిన్న సేవాసంస్థ మెయిల్ నేను చూసుకుంటాను. 41 మెయిల్‌బాక్సులు, దాదాపు 90 జీబీ ఉత్తరాలు. పదకొండేళ్లుగా హెచ్‌మెయిల్‌సర్వర్ (విండోస్‌లో నడిచే ఉచిత మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్) మీదే నడుస్తున్నాయి, అదీ ఒకే ఒక్క విండోస్ సర్వర్ 2012 ఆర్2 మెషిన్‌లో. సాఫ్ట్‌వేర్‌కి పైసా కట్టలేదు. పొద్దున్నే వచ్చి రాత్రి బ్యాకప్ అయిందో లేదో చూసుకోవడం తప్ప దాని జోలికి వెళ్లాల్సిన పనే పడలేదు. ఆ కృతజ్ఞత నాకు చాలా ఉంది.

ఆ విండోస్‌కి మామూలు మద్దతు 2023 అక్టోబర్ 10తో అయిపోయింది. హెచ్‌మెయిల్‌సర్వర్‌ని ఇక చురుగ్గా అభివృద్ధి చేయడం లేదని దాని సైట్‌లోనే ఉంది. రెండూ తెలిసే వాయిదా వేస్తూ వచ్చాను. పోయిన నెల ఒక దాతకు పంపిన రసీదు తిరిగొచ్చింది. లాగ్ తెరిస్తే అవతలి సర్వర్ 550 అని తిప్పికొట్టింది: మా ఎస్‌పీఎఫ్ రికార్డులో (మా డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా) పాత ఐపీ ఉండిపోయింది, డీకిమ్ సంతకం (ఉత్తరం మా డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసేది) అసలు పెట్టనేలేదు. డొమైన్ సెట్టింగుల్లోనే డీకిమ్ ఉంది కాబట్టి ఆ పూటే సరిచేశాను. అప్పటి నుంచి ఒకటే దిగులు. ఈసారి మార్చడానికి సెట్టింగ్ ఉంది. రేపు కొత్త నిబంధన వచ్చి కోడే మార్చాల్సి వస్తే?

సోర్స్ ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద బయటే ఉంది. ఎవరైనా చేపడతారని ఎదురుచూడొచ్చా? లినక్స్ నాకు కొద్దిగానే వచ్చు.

జవాబు

ఎదురుచూడొద్దండి. ముందు ఒక పని చేయండి. ఇన్‌స్టాల్ అయిన చోట బిన్ ఫోల్డర్ తెరిచి, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (మెయిల్ కనెక్షన్లను ఎన్‌క్రిప్ట్ చేసే లైబ్రరీ) డీఎల్‌ఎల్ ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి, డీటెయిల్స్‌లో వెర్షన్ చూడండి. 1.0.2 అయితే దానికి ఉచిత మద్దతు 2019 చివరితో పోయింది. 1.1.1 అయితే 2023 సెప్టెంబర్ 11తో. ప్రపంచంలో ఎవరైనా వచ్చి తలుపు తట్టగలిగే 25వ పోర్టు (బయటి సర్వర్ల మెయిల్ వచ్చే దారి) వెనక కూర్చున్నది ఆ ఫైలే. కొత్త విండోస్ సర్వర్ కొని అందులోకి మార్చినా అదే డీఎల్‌ఎల్ వెంట వస్తుంది. చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు.

రేపు ఎవరైనా ఫోర్క్ చేశారనుకోండి, అంటే ఆ సోర్స్ తీసుకుని సొంతంగా కొనసాగించారనుకోండి. నేనైతే ఒక్కటే చూస్తాను. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో లొసుగు బయటపడిన వారంలోపు కొత్త ఇన్‌స్టాలర్ వచ్చిందా? ఏడాదిపాటు అలా వస్తే అప్పుడు నమ్ముతాను.

మరో జవాబు

పైవారితో ఏకీభవిస్తాను గానీ, ఒక్క రాత్రిలో అంతా మార్చక్కర్లేదు. ముందు చిన్న లినక్స్ మెషిన్‌లో పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ పెట్టి దాన్ని బయటికి చూపండి, హెచ్‌మెయిల్‌సర్వర్‌ని లోపలికి జరపండి. వెళ్లే మెయిల్‌కి ఎస్‌ఎమ్‌టీపీ రిలేయర్ సెట్టింగ్‌లో పోస్ట్‌ఫిక్స్ అడ్రస్ ఇస్తే చాలు. వచ్చే మెయిల్ దగ్గర రెండు జాగ్రత్తలు. మీ 41 చిరునామాల జాబితా పోస్ట్‌ఫిక్స్‌కి తప్పనిసరిగా ఇవ్వండి. లేకపోతే లేని చిరునామాలకు వచ్చిన చెత్తనంతా తీసుకుని, లోపలి సర్వర్ వద్దన్నాక, ఏ పాపమూ తెలియని మూడో మనిషికి బౌన్స్ (అందలేదన్న ఉత్తరం) పంపుతుంది. రెండోది, హెచ్‌మెయిల్‌సర్వర్‌లో ఇన్‌కమింగ్ రిలేస్ కింద ఆ మెషిన్ ఐపీ చేర్చండి. లేదంటే ప్రతి ఉత్తరమూ పోస్ట్‌ఫిక్స్ పంపిందే అనుకుని ఎస్‌పీఎఫ్ పరీక్షలో ఫెయిల్ చేస్తుంది.

సంస్థవాళ్లు మెయిల్ చదువుకునే ఐమ్యాప్ పోర్టు కూడా బయటికి మూసి, వీపీఎన్ (బయటివారికి తెరిచి ఉండని సొంత దారి) ద్వారా ఇవ్వండి. దీంతో ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది, అంతే. పాత సర్వర్‌ని ఇలాగే ఏళ్ల తరబడి దాచి ఉంచకండి.

అడిగినవారు

చూశాను, 1.1.1. పోస్ట్‌ఫిక్స్ ముందు పెట్టి, తర్వాత డోవ్‌కాట్‌కి (లినక్స్‌లో నడిచే ఐమ్యాప్ సర్వర్) మారదామని నిర్ణయించుకున్నాను. డేటా ఫోల్డర్‌లో ఉన్నవన్నీ ఈఎమ్‌ఎల్ ఫైళ్లే (ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు) కదా, వాటిని అలాగే కాపీ చేస్తే సరిపోతుందా?

జవాబు

సరిపోదు, దయచేసి అలా చేయకండి! ఒక అకౌంట్ ఫోల్డర్ తెరిచి చూడండి. రెండక్షరాల పేర్లతో ఉపఫోల్డర్లు, వాటిలో మీసాల బ్రాకెట్లలో పొడవాటి కోడ్ పేర్లతో ఫైళ్లు కనిపిస్తాయి. ఉత్తరం అందులో భద్రంగానే ఉంది. కానీ అది ఇన్‌బాక్స్‌లోదా, వాళ్లు తయారుచేసుకున్న ఫోల్డర్‌లోదా, చదివారా లేదా అన్నది మొత్తం డేటాబేస్‌లో ఉంటుంది. ఫైళ్లు మాత్రమే తీసుకెళ్తే పదకొండేళ్ల ఉత్తరాలు ఒకే కుప్పగా పోసినట్టవుతుంది.

ఐమ్యాప్‌సింక్ అనే ప్రోగ్రామ్ వాడండి. పాత సర్వర్‌నీ కొత్త సర్వర్‌నీ ఐమ్యాప్ ద్వారానే కలిపి, ఫోల్డర్లు, చదివిన గుర్తులతో సహా తీసుకెళ్తుంది. పాస్‌వర్డ్‌లు హాష్‌లుగా ఉంటాయి కాబట్టి తిరిగి చదవలేరు, అందరికీ కొత్తవి ఇవ్వాల్సిందే. ఎమ్‌ఎక్స్ (మెయిల్ ఏ సర్వర్‌కి రావాలో చెప్పే డీఎన్‌ఎస్ రికార్డు) మార్చే రెండు రోజుల ముందే టీటీఎల్‌ని (ఆ రికార్డును ఇతరులు గుర్తుంచుకునే సమయం) 300 సెకన్లకు దించండి. మధ్యలో సర్వర్ కాసేపు ఆగినా భయపడకండి, పంపే సర్వర్లు మామూలుగా నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. కొత్త ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ నుంచి పేరు చూపే రికార్డు) మాత్రం మొదటి రోజే పెట్టించండి.

అడిగినవారు

ముందు నా మెయిల్‌బాక్స్ మీదే చేసి చూశాను. 6,214 ఉత్తరాలు, అటూ ఇటూ లెక్క సరిపోయింది. చదవనివి 14 ఉండేవి, 14 గానే వచ్చాయి. తెలుగులో పేరు పెట్టుకున్న ‘రసీదులు’ ఫోల్డర్ గురించే భయపడ్డాను, అదీ చక్కగా తెలుగులోనే దిగింది. రెండోసారి నడిపితే కొత్తగా వచ్చిన మూడు ఉత్తరాలే కాపీ అయ్యాయి. వచ్చే శనివారం అకౌంట్స్ వాళ్లవి ఐదు మెయిల్‌బాక్సులు మొదలుపెడుతున్నాను. పాత మెషిన్‌ని చివరి మెయిల్‌బాక్స్ దిగాక కూడా ఒక నెల, నెట్ తీగ పీకేసి, అలాగే ఉంచుతాను.