36 వ్యాగన్ల బొగ్గు బండిని 12కి కుదించొచ్చా?

ట్రెంట్ జంక్షన్:
అందరికీ నమస్కారం. నేను నాటింగ్‌హామ్‌లో ఉంటాను. రోజూ లోకల్ ట్రైన్‌లో రాట్‌క్లిఫ్ పవర్ స్టేషన్ ఎనిమిది కూలింగ్ టవర్ల పక్క నుంచే ఆఫీసుకి వెళ్తాను. 2024 సెప్టెంబర్ 30న దాన్ని మూసేశారు. బ్రిటన్‌లో బొగ్గుతో నడిచిన చివరి పవర్ స్టేషన్ అదే. ఆ వారమే నిర్ణయించుకున్నాను, 1980ల మొదట్లో ఆ టవర్ల కిందకి బొగ్గు తెచ్చిన బండిని డబుల్ ఓ స్కేల్‌లో, అంటే అసలులో 76వ వంతు సైజులో, మోడల్‌గా చేయాలని.

తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. వీటిని మెర్రీ గో రౌండ్ బళ్లు అనేవారు. గనిలో బంకరు కింద మెల్లగా కదులుతూనే బొగ్గు నింపుకుని, పవర్ స్టేషన్‌లో గంటకి అర మైలు వేగంతో పాకుతూనే అడుగు తలుపుల్లోంచి బొగ్గు వదిలేసి, చుట్టు లైను మీదుగా తిరిగి గనికి పోయేవి. మధ్యలో ఇంజన్ విప్పడం, షంటింగ్ ఏమీ ఉండవు. హెచ్‌ఏఏ అనే నాలుగు చక్రాల వ్యాగన్లు, ఒక్కోదాంట్లో 32 టన్నుల పైచిలుకు బొగ్గు. ముందు రెండు క్లాస్ 20 ఇంజన్లు, ముక్కూ ముక్కూ ఆనించి కట్టినవి.

ఇప్పుడు నా టెన్షన్. ఒక్కో వ్యాగన్ పొడవు దాదాపు 9 మీటర్లు. 1:76లో అది సుమారు 118 మి.మీ. 36 వ్యాగన్లూ రెండు ఇంజన్లూ కలిపితే 4.6 మీటర్లు. నాకున్న గది 11 అడుగులకి 9 అడుగులు. తెలిసినవాళ్లందరూ "12 వ్యాగన్లు పెట్టుకో, చాలు" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. 12 వ్యాగన్లకి రెండు ఇంజన్లు ఎందుకు కట్టారో చూసేవాడికి అర్థం కాదు. ఆ బండిని ఆ బండిగా నిలబెట్టేదే దాని పొడవు. మీరేమంటారు?

నీలం37:
మీ బాధ అర్థమైంది గానీ, నేను ఒప్పుకోను.

మీరు వేసే పట్టాలనే తీసుకోండి. డబుల్ ఓలో పట్టాల మధ్య 16.5 మి.మీ. కచ్చితమైన స్కేల్ 76.2తో గుణిస్తే 1257 మి.మీ. వస్తుంది. అసలు పట్టాల మధ్య 1435. అంటే మన రైళ్లన్నీ దాదాపు 178 మి.మీ. ఇరుకు పట్టాల మీద నడుస్తున్నాయి. బ్రిటిష్ ఇంజన్లు చిన్నవి, ఆ రోజుల మోటార్లు అసలు అడుగుకి 3.5 మి.మీ. లెక్కన చేసిన బాడీల్లో పట్టలేదు, అందుకని బాడీని 4 మి.మీ.కి పెంచి పట్టాలను మాత్రం పాతవే ఉంచేశారు. తొంభై ఏళ్లుగా దాంతోనే సర్దుకుంటున్నాం. పట్టాల దగ్గర సర్దుకున్నవాళ్లం వ్యాగన్ల లెక్క దగ్గర ఎందుకు పట్టుబట్టాలి?

నాకు క్లాస్ 37 డీజిల్ ఇంజన్లంటే ప్రాణం. సౌత్ వేల్స్ బొగ్గు లైన్లు చేశాను, 14 వ్యాగన్ల రేక్‌తో. కళ్లు పట్టాల ఎత్తుకి దించి చూస్తే ఒకసారికి ఒక మీటరుకి మించి కనపడదు. మధ్యలో ఒక వంతెన, రెండు చెట్లు పెడితే బండి ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో లెక్క పెట్టలేరు. ఆ పొడవుకి పెట్టే డబ్బులు వ్యాగన్ల మీద మసి తీరుగా పట్టించడానికి ఖర్చు పెట్టండి. గాల్వనైజ్డ్ బాడీ బూడిద రంగు ఒక్కో వ్యాగన్‌కి ఒక్కోలా మాసిపోతుంది, అది వస్తే సగం పనైపోయినట్టే.

చిన్న పట్టాలు:
ఎన్ గేజ్‌కి రండి. 1:148లో ఒక్కో హెచ్‌ఏఏ 61 మి.మీ., 36 కలిపి 2.2 మీటర్లు. మీ గదిలో ఒక్క గోడకే మొత్తం బండి పడుతుంది. దీనికింత చర్చ అవసరమా?

ట్రెంట్ జంక్షన్:
@చిన్న పట్టాలు, ఆలోచించాను. నా దగ్గర ఇప్పటికే రెండు క్లాస్ 20లు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న 22 పాత హార్న్‌బీ కంపెనీ మోడల్ వ్యాగన్లు ఉన్నాయి. అయినా డబ్బు ఒక్కటే కాదు. క్లాస్ 20 పొడవాటి బానెట్ పక్కనున్న తలుపులు, గ్రిల్లులు చేతికి తగిలేంత సైజులో ఉండాలి నాకు.

@నీలం37 గారూ, పట్టాల సంగతి నిజమే. కానీ పట్టాల ఇరుకు బండి మొత్తానికి ఒకేలా ఉంటుంది, పక్క నుంచి చూస్తే కనపడదు కూడా. బండి పొడవు అలా కాదు. అది టైమ్‌లో తెలుస్తుంది. గంటకి 30 మైళ్ల వేగంతో 36 వ్యాగన్ల బండి మీ ముందు నుంచి పోవడానికి 26 సెకన్లు పడుతుంది. స్కేల్ వేగంతో నడిపితే మోడల్‌లోనూ అంతే. 12 వ్యాగన్లయితే 10 సెకన్లు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఊరికే కూర్చుని చూశాను, 26 సెకన్లంటే చాలా సేపు. మొదటి పది సెకన్లు ఇంజన్ల మీద ధ్యాస ఉంటుంది. మిగతా పదహారు సెకన్లు వ్యాగన్లే, ఒకదాని వెనక ఒకటి. గేటు దగ్గర నిలబడి గూడ్స్ చూసిన ప్రతివాడికీ ఆ పదహారు సెకన్లే గుర్తుంటాయి.

క్లేహుడ్:
ఇద్దరూ తప్పు బండిని పట్టుకున్నారని నా అభిప్రాయం. గదికి పట్టని బండిని ఎందుకు ఎంచుకోవాలి? నిజంగానే పొట్టిగా ఉన్న గూడ్స్ బళ్లు బ్రిటన్‌లో కావలసినన్ని ఉండేవి. 1977 నుంచి 1991 దాకా నడిచిన స్పీడ్‌లింక్ అనే గూడ్స్ సర్వీసు తీసుకోండి. పెద్ద యార్డు నుంచి ఊళ్లో ఫ్యాక్టరీ సైడింగ్‌కి ఒక 37, దాని వెనక నాలుగు వ్యాన్లు, అంతే. నేను కార్న్‌వాల్ తెల్లమట్టి బళ్లు చేస్తున్నాను. నీలం టార్పాలిన్ టోపీలు పెట్టుకున్న చిన్న చెక్క వ్యాగన్లు, 1988 దాకా తిరిగాయి. 1983లో మూసేసిన వెన్‌ఫర్డ్ బ్రిడ్జి బ్రాంచిలోనైతే 08 షంటర్ ఇంజనే బండిని లాగేది, అడవిలో మలుపులు తిరుగుతూ. ఒక్క వ్యాగన్ కూడా తగ్గించక్కర్లేదు, ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదు.

నీలం37:
@క్లేహుడ్, మనిషికి నచ్చింది బొగ్గు బండి. తెల్లమట్టి చేసుకోమంటే ఎలా? పులిహోర అడిగినవాడికి దద్దోజనం పెట్టినట్టుంది.

కాజీపేట గార్డు:
బాబూ, నేను 31 ఏళ్లు గూడ్స్ గార్డుగా చేశాను. ఇప్పుడు డెర్బీలో మా అబ్బాయి దగ్గరున్నాను. మోడల్స్ గురించి నాకు పెద్దగా తెలియదు, బండి గురించి తెలుసు.

బండి పొడవు గురించి ఇంత మాట్లాడుకున్నారు, దాని చివర గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మా ఉద్యోగంలో బండి స్టేషన్ దాటిందంటే ఇంజన్ దాటినట్టు కాదు. చివరి వ్యాగన్‌కి ఎల్‌వీ (లాస్ట్ వెహికల్) బోర్డు కనపడాలి, రాత్రయితే ఎర్ర దీపం కనపడాలి. అది చూశాకే బండి మొత్తం వచ్చిందని స్టేషన్ మాస్టర్ వెనక స్టేషన్‌కి చెప్తాడు. మధ్యలో కప్లింగ్ తెగి సగం బండి సెక్షన్‌లోనే ఉండిపోతే? ఆ భయం మీద కట్టిన పద్ధతి అది. ఇక్కడి సిగ్నల్ బాక్సుల్లోనూ అంతే, తోక దీపం చూశాకే వెనక బాక్సుకి గంట రెండుసార్లు, ఆగి ఇంకోసారి కొడతారు. మా అబ్బాయి లఫ్‌బరోలో పాత రైల్వేకి తీసుకెళ్లినప్పుడు 16 టన్నుల బొగ్గు వ్యాగన్ల రేక్ ఒకటి పోయింది. గొలుసు లంకెలు ఒక్కొక్కటే బిగుసుకుంటూ టంగు టంగుమని చప్పుడు వెనక్కి పోతుంటే నా చెయ్యి దానంతటదే బ్రేక్ చక్రం కోసం లేచింది. మేము పల్లంలో చేసింది అదే పని, వెనక నుంచి బ్రేక్ వేసి లంకెలు వదులు కాకుండా పట్టి ఉంచడం.

మీ హెచ్‌ఏఏ బండికి ఎయిర్ బ్రేక్ ఉంది కాబట్టి చివర గార్డు డబ్బా, అదే బ్రేక్‌వ్యాన్, ఉండదు, గార్డు ఇంజన్ వెనక క్యాబ్‌లో కూర్చుంటాడు. అయినా చివరి వ్యాగన్‌కి దీపం తప్పదు. నా సలహా ఇదీ. ఎన్ని వ్యాగన్లు పెట్టినా సరే, చూసేవాడి ముందు నుంచి ఆ దీపం దాటి పోవాలి. గదంతా కనపడేలా పట్టాలేస్తే ఇంజన్ వెనకే తోక, పాము తన తోక తానే మింగబోయినట్టు ఉంటుంది.

గోదావరిఖని:
గార్డుగారికి నమస్కారం. మా రామగుండం ఎన్టీపీసీకి సింగరేణి బొగ్గు వచ్చేది కూడా ఈ మెర్రీ గో రౌండ్ పద్ధతిలోనే. మా నాన్న మమ్మల్ని సైకిల్ మీద తీసుకెళ్లి చూపించేవారు. అడుగు తలుపులు తెరుచుకున్నప్పుడు లేచే ఆ నల్లటి దుమ్ము, కింద నుంచి వచ్చే గరగర చప్పుడు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ట్రెంట్ గారూ, బొగ్గు వదిలే చోటు కూడా చేయండి. 350 మీటర్ల బండి అర మైలు వేగంతో పోతే దాదాపు అరగంట పడుతుంది. 12 వ్యాగన్లతో ఆ నింపాది రాదు. నా ఓటు 36కే.

ట్రెంట్ జంక్షన్:
గార్డుగారూ, మీ మాట చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఇన్నాళ్లూ బండిని గదికి సరిపెట్టాలని చూశాను. నిజానికి తగ్గించాల్సింది దృశ్యం. లైను పక్కన నిలబడ్డవాడికి మొత్తం బండి ఎప్పుడూ కనపడదు కదా, రెండు వంతెనల మధ్య ముక్కే కనపడుతుంది. కాబట్టి ఒక గోడ వెంట 1.8 మీటర్లు మాత్రమే చూపిస్తాను. ఒక చివర ఇటుక వంతెన, ఇంకో చివర రోడ్డు వంతెన, వెనక గోడ మీద టవర్లు. మిగతా మూడు గోడల వెంట పట్టాలు అట్ట వెనక దాగి ఉంటాయి. గది చుట్టూ లూపు 10 మీటర్ల దాకా వస్తుంది, 4.6 మీటర్ల బండి అందులో హాయిగా దాక్కుంటుంది.

నీలం37:
మంచి ఆలోచనే, కాదనను. కానీ మీరేం పోగొట్టుకుంటున్నారో చూడండి. గని లేదు, పవర్ స్టేషన్‌లో బొగ్గు వదిలే షెడ్డు లేదు, గోదావరిఖని గారు చెప్పిన దుమ్మూ లేదు. ఒక గట్టు, కంచె, రెండు వంతెనలు మిగిలాయి. 14 వ్యాగన్లకి ఒప్పుకుంటే ఇవన్నీ ఆ గదిలోనే వస్తాయి. పైగా లూపులో బండి ఎప్పుడూ ఒకే వైపు నిండుగానే పోతుంది. ఖాళీ బండి ఎదురు రావాలంటే ఇంకో 36 వ్యాగన్లు, అంటే 72. అది నడుస్తుందా?

ట్రెంట్ జంక్షన్:
72 కొనలేను. బొగ్గు లోడ్లను విడిగా చేస్తున్నాను, నురగ అట్ట మీద నిజం బొగ్గు దంచి అంటించి. తీసేస్తే ఖాళీ బండి, దిశ మార్చి నడుపుతాను. పోయేవి ఉన్నాయని ఒప్పుకుంటాను. గని కంటే ఆ 26 సెకన్లే నాకు ముఖ్యం.

నిన్న శనివారం హాల్లో నేల మీద పట్టాలు పరిచి చూశాను. రెండు చెప్పుల పెట్టెలు వంతెనలుగా పెట్టి, మధ్య 1.8 మీటర్లు వదిలి, ఉన్న 22 వ్యాగన్లు నడిపాను. చివరి దానికి ఎర్ర ఎల్‌ఈడీ కట్టాను. మా అమ్మాయికి ఏడేళ్లు, బోర్లా పడుకుని లెక్క పెట్టింది. మొదటిసారి 25 అంది. రెండోసారి 23.

నీలం37:
చూశారా! 22 చాలని మీ అమ్మాయే చెప్పింది.

ట్రెంట్ జంక్షన్:
చెప్పింది నిజమే, దాచను. కానీ దీపం పోయాక మా అమ్మాయి అడిగిన మాట కూడా చెప్తాను: "అప్పుడే అయిపోయిందా?" ఇంకో 14 వ్యాగన్లు వెతుకుతున్నాను. పాత హార్న్‌బీ హెచ్‌ఏఏలకి మెటల్ చక్రాలు మార్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. 60 సెం.మీ. వ్యాసార్థం మలుపులో పద్దెనిమిదో వ్యాగన్ దగ్గర రెండుసార్లు పట్టాలు తప్పింది.

కాజీపేట గార్డు:
నాయనా, ముందు దాని బరువు చూడు. ముందూ వెనకా బరువైనవి ఉండి మధ్యలో ఒక్కటి తేలికగా ఉంటే మలుపులో దాన్ని లోపలికి లాగేస్తాయి. మా బళ్లలోనూ అదే జరిగేది. ఆదివారం నేనే వస్తాను, మా అబ్బాయి దింపుతాడు. చిన్న త్రాసు ఒకటి తెస్తాను.