అప్‌డేట్: బాబాయి పెట్టెలోని ఫుగాజీ ఎల్పీ నకిలీ కాదు, ప్లేయర్ కూడా బాగైంది

నెల్లూరులో మా బాబాయి పెట్టెలో దొరికిన, అమెరికా రాక్ బ్యాండు ఫుగాజీ ఎల్పీ రికార్డు గురించి ఇక్కడే అడిగాను. వెనక డాలర్లలో ధర అచ్చయి ఉంది, నకిలీదేమో అని ఒక అనుమానం. పాట సాగదీసినట్టు రావడం రెండోది.

రికార్డు మధ్యలోని కాగితం లేబుల్ పక్కన గీసిన నంబరు చూడమన్నవారికి థాంక్స్. అది తెచ్చిన రికార్డు కంపెనీ డిస్కార్డ్ కేటలాగ్ నంబరుతో సరిగ్గా కలిసింది. ధర వేయడం వాళ్ల పద్ధతేనట, షాపులవాళ్లు ఎక్కువకి అమ్మకుండా. 1980లో వాషింగ్టన్ డీసీలో ఇయాన్ మెకాయ్, జెఫ్ నెల్సన్ ఈ కంపెనీ మొదలుపెట్టింది, విడిపోయిన తమ బ్యాండు టీన్ ఐడిల్స్ రికార్డు తేవడానికే. పెట్టుబడి కచేరీల్లో దాచుకున్న డబ్బు. తొలి కవర్లు చేత్తో కత్తిరించి, మడిచి, అంటించారు. బ్యాండ్లతో కాంట్రాక్టులు లేవు, దాదాపు అన్నీ తమ ఊరి బ్యాండ్లే. ఇలా నడిచిన సంస్థంటే నాకు ఎంతో గౌరవం.

ఇక సౌండ్ సంగతి. మెకానిక్ ప్లేయర్ విప్పి చూస్తే రికార్డును తిప్పే రబ్బరు బెల్టు సాగిపోయి ఉంది. కొత్తది వేయగానే స్పీడు సరిపోయింది. సూది మార్చాల్సిన పనే రాలేదు, రికార్డు వంకర కూడా లేదు. బెల్టు కొనేవారు పాతదాన్ని లాగకుండా, చదునుగా పెట్టి కొలుచుకోండి.