ముల్లా, కొండియా, మునికోలా?

అరసున్న:
"మరణమా, నీ ముల్లెక్కడ? సమాధీ, నీ విజయమెక్కడ?" అన్న వాక్యం కొన్నాళ్లుగా నా నోట్లో నానుతున్నది. తీరా బైబిలులో పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15:55 తీసి చూస్తే రెండు చోట్లా "ఓ మరణమా" అనే ఉన్నది, పైగా విజయం ముందు, ముల్లు తరువాత. నా జ్ఞాపకంలోని పాఠం ఏ తెలుగు ప్రతిలోనిదో, ఏ కీర్తనలోనిదో ఎవరైనా చెప్పగలరా?

శకటరేఫ:
ప్రాచీన గ్రీకు ప్రతుల్లో రెండు చోట్లా మరణమే. తరువాతి ప్రతుల్లో ఒకచోట పాతాళం (మీ పాఠంలోని సమాధి) చేరి, వరుస కూడా మీరు చెప్పినట్లు మారింది. అంతకంటే తేలవలసింది ముల్లు సంగతి. మూలంలోని కెంత్రోన్ అన్న గ్రీకు మాటనే ప్రకటన గ్రంథం 9:10లో తేళ్ల విషయం వచ్చేసరికి మన తెలుగు అనువాదకులు "కొండ్లు" అన్నారు, అపొస్తలుల కార్యములు 26:14లో "మునికోలలు", అంటే ఎద్దులను పొడిచి తోలే కర్రలు, అన్నారు. "మరణపు ముల్లు పాపము" అన్న తరువాతి వచనంలో కొండి అని ఉంటే పాపం విషమై ప్రాణం తీస్తుందన్న భావం వెంటనే స్ఫురించేది. ముల్లంటే అరికాలిలో దిగేదే గుర్తుకు వస్తుంది.

పాతప్రతి:
తేనెటీగ కుట్టినచోట ముల్లు తీయమని అనమా? ముల్లుగర్ర చివరి ఇనుప మొన కూడా ముల్లే కనుక ఆ ఒక్క మాట రెండర్థాలనూ మోస్తుంది. మునికోల సైతం ములుకోలకు మారురూపమని నా నమ్మకం. "మరణమేలెను" అని రోమా పత్రిక 5:14లో అన్న పౌలుకు, మరణం పాపమనే ములుకోల పట్టి మనుషులను కాడి కట్టి తోలే యజమాని.

శకటరేఫ:
మునివేళ్లు, మునిపళ్లు అన్నప్పుడు ముని అంటే కొన. కొన వాడియైన కోల మునికోల. "ని"ని "లు" చేయవలసిన అగత్యం లేదు. అన్నట్టు, సంస్కృతంలోని కేంద్రం కూడా ఈ కెంత్రోన్ నుండి వచ్చినదే.

ఖండిక:
మరణం మాట వచ్చాక కవి గుర్రం జాషువాను తలవకుండా ఎలా? "రాజు మరణించె నొక తార రాలిపోయె, కవియు మరణించె నొక తార గగనమెక్కె" అన్న కవికి 'క్రీస్తు చరిత్ర' మీద 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అయితే ఆయన సుకవికిచ్చిన అమరత్వం ప్రజల నాలుకలమీదిది. పౌలు చెప్పేది శరీరం అమర్త్యతను "ధరించుకొనవలసి" ఉన్నదని. ఆత్మ స్వభావం చేతనే చావులేనిదని వాదించే ప్లేటోకు ఈ ధరించడంతో పనిలేదు. అందుకే ప్లేటో చిత్రించిన సోక్రటీసు విషపాత్రను నిబ్బరంగా అందుకుంటాడు, మరణానికి ముందు గెత్సేమనే తోటలో యేసు మాత్రం వేదనపడతాడు. 1955లో హార్వర్డ్ ఉపన్యాసంలో క్రైస్తవ వేదాంతి ఆస్కార్ కల్మన్ ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలిపి, ఆత్మ అమరత్వం వేరు, పునరుత్థానం వేరు అన్నాడు.

పాతప్రతి:
ఆ పోలిక నా పక్షానికే బలం. సోక్రటీసుకు మరణం విడుదల. పౌలుకు అది "కడపట నశింపజేయబడు శత్రువు", అంటే చేతిలో ములుకోల ఉన్నవాడే.

శకటరేఫ:
తేలు శత్రువు కాదా? కల్మన్‌ను మీకే వదిలేస్తాను కానీ, మునికోలలోని "ని"ని మాత్రం వదలను.