అప్‌డేట్: రాఫ్టింగ్ ట్రిప్ బుక్ చేశాం

గైడ్లతో వెళ్ళే రాఫ్టింగ్ ట్రిప్‌కి అడ్వాన్స్ కట్టేముందు నిర్వాహకులను ఏం అడగాలని మిమ్మల్ని అడిగాను కదా. మీరు చెప్పినవన్నీ ఇద్దరిని అడిగాను.

నది ఎంత కష్టమో చెప్పే గ్రేడ్ ఎంత అని అడిగితే మొదటివాళ్ళు "ఏం భయం లేదండీ, అందరూ వస్తారు" అని దాటేశారు. రెండోవాళ్ళు మాత్రం 1 (తేలిక) నుంచి 6 (అతి కష్టం) వరకుండే అంతర్జాతీయ స్కేల్లో చాలావరకు 3, ఒకచోట 4 అన్నారు. వానలకి నీళ్ళు పెరిగితే అదే చోటు ఇంకా కష్టమవుతుందట, అప్పుడు అందరినీ పడవలోంచి దింపి ఒడ్డు వెంట నడిపిస్తారట. మా ఆయనకి ఈత రాదంటే, నీళ్ళెలా ఉన్నా ఆయన్ని అక్కడ నడిపిస్తామన్నారు. అంతే, బేరం కుదిరింది!

గైడ్ల ప్రథమ చికిత్స సర్టిఫికెట్లు అడగ్గానే పంపారు. సిగ్నల్ లేనిచోట శాటిలైట్ ఫోన్ ఉంటుందట. రద్దు షరతులు కూడా రాసిచ్చారు: వాళ్ళు మానేస్తే మొత్తం వాపసు, మేం మానేస్తే అడ్వాన్స్ పోయినట్టే. న్యాయంగానే అనిపించింది.

ఇన్సూరెన్స్ చూసుకోమన్నవాళ్ళకి దండం. మా ట్రావెల్ పాలసీ మినహాయింపుల్లో రాఫ్టింగ్ ఉంది! అదనపు కవర్ తీసుకున్నాం.

ఇక ఆరోగ్య వివరాల ఫారం. ఆస్తమా సంగతి రాయొద్దని మా ఆయన గొడవ. నేను రాసి పంపేశాను.