‘గట్టిగా చెప్పారు’ అనడానికి ఉన్న మాటల్లో ఏది ఎక్కడ వాడాలి?

ప్రశ్న (డెస్కులో కొత్త):
నేను ఒక దినపత్రిక డెస్కులో చేరి ఏడు నెలలైంది. విలేఖరులు పంపే వార్తల్లో ఎవరు ఏమన్నా ‘స్పష్టం చేశారు’, ‘ఉద్ఘాటించారు’, ‘నొక్కి చెప్పారు’ అనే మూడు క్రియలే తిరుగుతూ ఉంటాయి. విసుగు పుట్టి, ఈ వారం వానలు పడే అవకాశం ఉందన్న ఒక వాతావరణ అధికారి మాటను మొన్న ‘ఘంటాపథంగా చెప్పారు’ అని రాశాను. మా సీనియర్ దాన్ని కొట్టివేసి, “ఆయనకు లేని ధీమాను మీరెందుకు అంటగట్టారు?” అని అడిగారు. ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఘంటాపథంగా, బల్లగుద్ది, కుండ బద్దలు కొట్టినట్లు, తెగేసి, తేల్చి, నొక్కి అనే మాటలు ఒకదాని చోట మరొకటి పెట్టదగినవి కావని అర్థమైంది కానీ, వాటి మధ్య గీత ఎక్కడుందో తెలియడం లేదు. తెలిసినవారు వివరించగలరు.

జవాబు (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు):
మీ సీనియర్ గారు సరైన చోటే వేలు పెట్టారు. మాట్లాడేవారికి ఎదురుగా ఏముందో చూడండి, ఈ మాటలు వాటంతట అవే విడివడతాయి. ఎదుటివారికి సందేహం ఉన్నప్పుడు, చెప్పేవారికి అది బొత్తిగా లేనప్పుడు ‘ఘంటాపథంగా’, ‘బల్లగుద్ది’ అంటాం. వీటిలో రెండవదానికి వాదన వేడి కూడా అంటుకుని ఉంటుంది కనుక నిదానంగా మాట్లాడిన శాస్త్రవేత్తకు అది నప్పదు. బేరమో బతిమాలుటో నడుస్తున్నప్పుడు ‘తెగేసి’ చెబుతారు, ఎటూ తేలక నానుతున్న వ్యవహారాన్ని ‘తేల్చి’ చెబుతారు. “పొలం అమ్మేది లేదని పెద్దాయన తెగేసి చెప్పాడు” అంటే ఇక ఆ మాట ఎత్తవద్దని. “తేల్చి చెప్పాడు” అంటే అంతవరకు ఊగిసలాడిన సంగతి ఒక కొలిక్కి వచ్చిందని.

‘కుండ బద్దలు కొట్టినట్లు’ అన్నదాన్ని పత్రికలు ఎక్కువగా పాడుచేస్తున్నాయని నా బాధ. మొహమాటపడి దాచుకోవలసిన నిజాన్ని దాచకుండా పైకి అనేయడం దానిలోని సారం. “నీ కథ బాగాలేదని కుండ బద్దలు కొట్టినట్లు చెప్పాడు” అంటే చక్కగా అతుకుతుంది. “భూమి గుండ్రంగా ఉందని కుండ బద్దలు కొట్టినట్లు చెప్పాడు” అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ దాచవలసినదేమీ లేదు.

జవాబు (నిఘంటువుల పాఠకుడు):
పుట్టుక తెలిస్తే కొన్ని మాటల వాడుక మరింత తేటపడుతుంది. సంస్కృతంలో ఘంటాపథం అంటే రాజమార్గం, మెడలో గంటలు కట్టిన ఏనుగులు నడిచే పెద్ద బాట. ‘ఘంటాపథః సంసరణమ్’ అని అమరకోశం. మెదక్ ప్రాంతపు కొల్చారం వాడని చెప్పుకునే కోలాచల మల్లినాథ సూరి, భారవి రాసిన కిరాతార్జునీయానికి తాను చేసిన వ్యాఖ్యకు ‘ఘంటాపథం’ అనే పేరు పెట్టాడు. కఠినమైన కావ్యంలోకి పాఠకుడు తడుముకోకుండా నడిచిపోయే బాట వేయడమే ఆయన ఉద్దేశం. తెలుగులో ఈ మాటను గంట మోతతో ముడిపెట్టి అర్థం చేసుకునేవారు చాలామంది. నాకు మాత్రం దాని బలమంతా ఆ బాటలోనే, అంటే సందులు గొందులు లేని తిన్నదనంలోనే ఉందనిపిస్తుంది.

‘వక్కాణించు’ అన్నది ‘వ్యాఖ్యానం’ ప్రాకృతం మీదుగా వచ్చి మారిన రూపం. పాత కావ్యాల్లో దానికి వివరించి చెప్పడమనే అర్థం. ‘నొక్కి వక్కాణించు’ అన్న జంట వల్ల నేడు దానికీ దార్ఢ్యం అంటింది. ‘ఉద్ఘాటన’ మూలంలో తెరవడం. హిందీలో అది ప్రారంభోత్సవం కాగా తెలుగులో గట్టిగా ప్రకటించడమైంది కనుక, హిందీ నుంచి వార్తలు అనువదించేవారు ఇక్కడ జాగ్రత్తపడాలి.

జవాబు (అనువాదకురాలు):
ప్రతిసారీ క్రియనే మార్చనక్కరలేదని నా అనుభవం. తెలుగులో దార్ఢ్యం చాలావరకు వాక్యం లోపలే ఇముడుతుంది. “ఇది ముమ్మాటికీ తప్పే అన్నారు”, “పనులు పూర్తి చేసి తీరతామన్నారు” అని రాస్తే ‘అన్నారు’ చాలు. మొదటి వాక్యంలో ‘తప్పే’ చివరి ఏకారం, రెండవదానిలో ‘తీరు’ క్రియ ఆ పని చేసిపెడుతున్నాయి. అన్నట్టు, ‘ముమ్మాటికీ’లో ఉన్నది ‘మాట’ కాదు, ‘మాటు’. మూడు మార్లు అడిగినా అదే జవాబు అన్న భావం.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆ వార్తను ఇలా మార్చాను: “వానలు పడవచ్చని అధికారి తెలిపారు, మత్స్యకారులు వేటకు వెళ్లరాదని మాత్రం నొక్కి చెప్పారు.”

జవాబు (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు):
ఇప్పుడు ఆయన ధీమా ఉన్నచోటే ఉంది. చెప్పిన పది మాటల్లో ఒకదానికి బరువు ఇవ్వడమే నొక్కి చెప్పడం కనుక, ఆ మాట ఇక్కడ సరిగ్గా కుదిరింది. అయితే ‘మాత్రం’ కూడా అదే పని చేస్తోంది. రెండింటిలో ఒకటి తీసివేయండి. నేనైతే ‘మాత్రం’ ఉంచి, ‘హెచ్చరించారు’ అని ముగిస్తాను.