గల్లీలో గంజాయి అమ్ముతున్నారు, నా పేరు బయటపడకుండా ఎట్లా చెప్పాలి?

కాజీపేట కిరాణం:
ఇంటి ముందు గదిలోనే చిన్న దుకాణం నాది. గల్లీ చివర ఖాళీ ప్లాటు ఉంది. పొద్దున అటు చెత్త పోయడానికి పోతే గోడ పక్కన సిగరెట్లలోంచి దులిపేసిన పొగాకు, కళ్లలో వేసుకునే చుక్కల మందు ఖాళీ సీసాలు. మొదట్లో అర్థం కాలేదు. సాయంత్రం ఏడు దాటాక నల్ల స్కూటీ మీద ఒకడు వస్తాడు. బండి దిగడు, పిల్లలే దగ్గరికి పోతారు. అందులో ఒకడు నా దగ్గర రూపాయి చాక్లెట్లు కొనుక్కుంటూ పెరిగినవాడు, ఈ ఏడు టెన్త్. మొన్న చిల్లర తీసుకుంటుంటే కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నిద్ర లేదత్తా" అన్నాడు. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.

చెప్పాలనే ఉంది. కానీ రాత్రి పదింటి దాకా దుకాణంలో ఒక్కదాన్నే ఉంటాను. నిరుడు పక్క గల్లీ ఆయన స్టేషన్‌కు పోయి చెప్తే, రెండు రోజుల్లో ఆయన పేరు అందరి నోళ్లలో పడింది.

హనుమకొండ నుంచి:
అక్కా, స్టేషన్‌కు పోనే వద్దు. 1908కి ఫోన్ చేయండి, తెలంగాణ మొత్తానికి అదే. మత్తుమందుల మీద పనిచేసే రాష్ట్ర పోలీసు విభాగం ఈగల్ వాళ్లది. కేంద్రం వాళ్లది 1933. నేను మొదటిసారి "ఇక్కడ అమ్ముతున్నారు" అని చెప్పి పెట్టేశాను, ఎవరూ రాలేదు. రెండోసారి బండి నంబరు చివరి నాలుగు అంకెలు, వచ్చే టైం, ఏ కరెంటు స్తంభం దగ్గర ఆగుతాడో చెప్పాను. వారం తిరక్కుండా పట్టుకున్నారు. ఫోటో తీయాలని మాత్రం చూడకండి.

వకీలు, వరంగల్:
1985 ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం 68వ సెక్షన్ ప్రకారం, సమాచారం ఎవరిచ్చారో చెప్పమని అధికారిని ఎవరూ బలవంతపెట్టలేరు. అయినా నోరు జారేవాళ్లు ఉంటారు, మీ భయం తప్పు కాదు. పేరు అడిగినా ఇవ్వకండి. ఇంకోటి, కిలో లోపు గంజాయితో దొరికితే శిక్ష ఏడాదికి మించదు. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గదు. సరుకు ఎక్కడ పెడతాడో మీ చెవిన పడి ఉంటే అదీ చెప్పండి. అతని వెనక మాత్రం పోవద్దు.

ఒక తల్లి:
ఆ పిల్లవాణ్ని వదిలేయకమ్మా. మావాడు ఇంటర్‌లో ఉండగా నేను కొట్టాను, గదిలో పెట్టి తాళం వేశాను. నాలుగు నెలలు అట్లనే పోయాయి. మాన్పించడానికి 14446 అనే ఫోన్ నంబరు ఉందని ఎవరూ చెప్పలేదు. గంజాయి తాగడం అలవాటైనవాళ్లు తమంతట తాము సర్కారు గుర్తించిన చోట చికిత్సకు వస్తే కేసు లేకుండా చూసే వీలు కూడా చట్టంలో ఉందట కదా, వకీలు గారూ?

వకీలు, వరంగల్:
ఉందమ్మా, అదే చట్టంలో 64ఏ సెక్షన్. అమ్మేవాళ్లకు కాదు. చికిత్స మధ్యలో మానేయకూడదు.

కాజీపేట కిరాణం:
నిన్న మధ్యాహ్నం షట్టరు సగం దించి 1908కి చేశాను. పేరు అడగలేదు. బండి ఎటువైపు నుంచి వస్తుందో మాత్రం మూడుసార్లు అడిగారు. చేతులు చాలాసేపు వణికాయి. ఆ పిల్లవాడి అమ్మ ఆదివారమే ఇంట్లో దొరుకుతుంది. 14446 చీటీ మీద రాసి గల్లాపెట్టెలో పెట్టుకున్నాను.